రాజేందర్ పేరు మీద ఇచ్చిన రక్తం

ఒకరిని చూసి ఓర్వలేకపోవడం కూడా జబ్బేనని, దానికి మందు లేదని మా అమ్మ అనేది. నాకు రెండు జబ్బులు ఒకేసారి పట్టుకున్న రోజుల గురించి రాస్తున్నాను. మొదటిది ఉందో లేదో తెలియక రెండు నెలలు చచ్చి బతికాను. రెండోది ఉందని నాకు ముందునుంచీ తెలుసు.

ఇప్పుడు తేరుకున్నాను. అందుకే రాయగలుగుతున్నాను. నాలాంటివాడు ఎవడైనా ఏ హాస్టల్ గదిలోనో గోడవైపు తిరిగి పడుకుని ఉంటే వాడికి పనికొస్తుందేమోనని ఒక ఆశ. నా బుద్ధి ఎంత వంకరగా పోయిందో ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకే కుదురుగా ఉండటం లేదన్నది ఇంకో కారణం.

1998 జూలై

ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం. హాస్టల్లో సీటు రాజేందర్‌కి వచ్చింది, నాకు రాలేదు. నేను వాడి గదిలో నాన్‌బోర్డర్‌ని. అంటే సీటున్నవాడి గదిలో చాప పరుచుకుని బతికేవాణ్ణి. అప్పట్లో మా క్యాంపస్‌లో అలాంటివాళ్లు లేని గది ఉండేది కాదు. వార్డెన్‌కి కూడా తెలుసు, తెలియనట్టు తిరిగేవాడు.

గది వాడి పేరు మీద, మెస్ కార్డు వాడి పేరు మీద. నేను తెచ్చుకునే లైబ్రరీ పుస్తకం కూడా వాడి కార్డు మీదే. దానికి బదులు, పొద్దున వాడు క్లాసుకి లేవకపోతే వాడి హాజరు నేను పలికేవాణ్ణి. "రాజేందర్" అని సార్ పిలవగానే తల వంచి, గొంతు మార్చి "ఎస్ సార్" అనేవాణ్ణి. నా పేరుకన్నా వాడి పేరుకే ఎక్కువసార్లు పలికి ఉంటాను.

వాణ్ణి చూసి నేను కళ్ళలో నిప్పులు పోసుకునేవాణ్ణి. దాచుకోవడం దేనికి? వాడు పొడుగు. వాళ్ళ నాన్న ఊరినుంచి బియ్యం బస్తా బస్సుమీద వేసి పంపేవాడు. పరీక్షకు రెండు రోజుల ముందు నా నోట్సు చదివి నాకంటే నాలుగు మార్కులు ఎక్కువ తెచ్చుకునేవాడు. ఇక సుజాత సంగతి. ఆమెది మా క్లాసే, అడిక్‌మెట్‌లో అన్నావదినల ఇంట్లో ఉండి చదువుకునేది. నేను రాత్రంతా కూర్చుని నోట్సు రాసిస్తే "థాంక్స్ ప్రభాకర్" అని ఒక్క మాట. ఆ నోట్సే వాడు ఆమె దగ్గర అడిగి తీసుకుంటే, మెట్లమీద గంటసేపు నవ్వులు.

ఇంకొకటి కూడా ఉంది. వాడు చొక్కా ఇచ్చేవాడు, చెప్పులు ఇచ్చేవాడు, ఒకే ప్లేటులో తినేవాడు. షేవింగ్ రేజర్ మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. ఒకరోజు తొందరలో తీసుకోబోతే చేతిలోంచి లాక్కున్నాడు.

"దాన్ని ముట్టకురా. కొత్తది కొనుక్కో, పైసల్ నేనిస్త."

మా ఊళ్ళో వాళ్ళలాంటి ఇళ్ళకు కూలికి పోతే మాకు నీళ్ళు వేరే గ్లాసులో పోస్తారు. మేం చర్చికి పోవడం మొదలుపెట్టాక కూడా ఆ గ్లాసు మారలేదు. ఎంత కలిసి తిరిగినా వీడిలో ఆ బుద్ధి పోలేదు, రేజర్ దగ్గర బయటపడిందని అనుకున్నాను. ఆ మాట ఎవరితోనూ అనలేదు. లోపల పెట్టుకుని పెంచుకున్నాను.

ఆ నెల్లోనే కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. ఇచ్చినవాళ్లకు సర్టిఫికెట్. బి.ఇడి. దరఖాస్తులో పెడితే కలిసొస్తుందని ఎవరో రాజేందర్‌కి చెప్పారు.

"నాకు సూదంటే కండ్లు తిరుగుతయిరా" అన్నాడు. "నా పేరు మీద నువ్వియ్యరాదు."

హాజరు పలికినట్టే కదా అనుకున్నాను. శిబిరంలో వాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్లు, మా మొహాలు తెలియవు. పేరడిగితే రాజేందర్ అన్నాను, గది నంబరు చెప్పాను, మంచమ్మీద పడుకుని చెయ్యి చాపాను. వాళ్ళిచ్చిన బిస్కెట్లు నేను తిన్నాను. సర్టిఫికెట్ వాడు ఫైల్లో పెట్టుకున్నాడు.

ఆగస్టు

ఉత్తరం హాస్టల్ ఆఫీసుకు వచ్చింది. రాజేందర్ గదికి తెచ్చుకుని, చించి, నిలబడే చదివాడు. తర్వాత మంచమ్మీద కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. కాసేపటికి కాగితం నా వైపు చాపాడు.

"ఇది నీదిరా."

మీరిచ్చిన రక్తానికి ఒక పరీక్ష మళ్ళీ చేయాల్సి ఉంది, స్వయంగా వచ్చి కలవండి, విషయం గోప్యంగా ఉంచబడుతుంది. అంతే ఉంది అందులో. ఏ పరీక్షో రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు. ఆ రోజుల్లో ఏ బస్‌స్టాప్ గోడ చూసినా ఎయిడ్స్ గురించే, పక్కనే పుర్రె బొమ్మ.

"నీ పేరున్నది కదా, నువ్వు పో" అన్నాను.

"నేన్ పోను" అన్నాడు. ఎంత తొందరగా అన్నాడంటే, నా మాట ఇంకా పూర్తికాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సర్టిఫికెట్ వాడికి, జబ్బు నాకు! ఏడాదిపాటు వాడి పేరు మోసినందుకు ఇదా ఫలితం అని లోపల తిట్టుకున్నాను. కోపం చల్లారాక భయం వచ్చింది.

భయపడటానికి నాకొక కారణం ఉంది. రెండేళ్ల కింద, ఎం.ఏ.లో చేరకముందు, ఊరినుంచి వచ్చిన స్నేహితుడితో కాచిగూడలో ఒక లాడ్జికి వెళ్ళాను. ఒక్కసారే. ఆ తర్వాత వారం రోజులు బైబిల్ ముట్టుకోవడానికి సిగ్గుపడ్డాను, ఆ తర్వాత మరిచిపోయాననుకున్నాను. ఆ ఉత్తరం చూశాక ఆ గది గోడ రంగుతో సహా గుర్తొచ్చింది.

ఇక మొదలైంది. గొంతు కింద గడ్డలున్నాయేమోనని రోజుకు పదిసార్లు తడుముకునేవాణ్ణి. తడిమి తడిమి అక్కడ నిజంగానే నొప్పి పుట్టింది. మెస్‌లో అన్నం సగం వదిలేసి, వదిలేసినందుకే బరువు తగ్గితే అదిగో అదేనని వణికేవాణ్ణి. దగ్గొస్తే భయం, రాకపోతే ఎందుకు రాలేదని అనుమానం.

అంతకన్నా ఎక్కువగా అసూయ పెరిగింది. అంతకుముందు రాజేందర్ ఒక్కడి మీదే ఉండేది, ఇప్పుడు ఊరంతా నాకు శత్రువే. క్రికెట్ ఆడుతూ మోకాలు చీరుకుపోయి, రక్తం తుడుచుకుని నవ్వేవాణ్ణి చూస్తే కుళ్ళు. పెళ్లిపత్రికలు పంచడానికి వచ్చిన పాత సీనియర్‌ని చూస్తే కుళ్ళు. తార్నాక సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద పెళ్ళాన్ని కూర్చోబెట్టుకున్న బట్టతలాయన మీద కూడా కుళ్ళుకున్నాను. వాళ్ళందరి రక్తం వాళ్ళకు గుర్తే లేదు కదా అని.

లాలాపేటలో మా అక్క ఉంటుంది. బావ రైల్వే వర్క్‌షాపులో పని. ఆదివారం చర్చి అయ్యాక వాళ్ళింట్లోనే నా భోజనం. ఆ నెల పోయినప్పుడు నీళ్ళ గ్లాసు ముట్టకుండా, కొళాయి కింద దోసిలి పట్టి తాగాను. అక్క కూతురు నాలుగేళ్లది, "మామా" అంటూ మెడకు చుట్టుకుంటే విడిపించుకున్నాను. తిన్న కంచం నేనే మూడుసార్లు తోమాను.

అక్క చూసింది. "ఏంది తమ్మీ, మా ఇంట్ల గిలాసలు మంచిగ లేవా?"

"గట్లేం లేదక్క."

"పెద్ద సదువు సదువుతున్నవని మేం పనికొస్తలేమా? మీ బావేమన్న అన్నడా?"

"ఏమనలే."

ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. బావ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వేరే గ్లాసు అంటే మాకేమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నేనే నాకు వేరే గ్లాసు పెట్టుకున్నానని వాళ్ళకెలా చెప్పను?

సెప్టెంబర్

ఉత్తరాన్ని లైబ్రరీ పుస్తకంలో దాచాను. ఆ పుస్తకం సుజాత అడిగితే ఇచ్చేశాను. ఉత్తరం సంగతి మరిచిపోయి ఇచ్చానని ఇప్పటికీ చెప్పుకుంటాను. నిజంగా మరిచిపోయానా అన్నది ఆ పైవాడికే తెలియాలి.

రెండో రోజు ఆమె ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర నన్ను ఆపింది. చేతిలో ఆ కవరు.

"ప్రభాకర్, గిది రాజేందర్‌ది కదా? ఏమైంది ఆయనకు? గిది... గదేనా?"

ఒక్క మాట చాలు. అది నా రక్తం అంటే అయిపోయేది.

"నాకేం తెలుసు? వాణ్ణే అడుగు."

ఆమె మొహం పాలిపోవడం చూశాను. నాకు లోపల చల్లగా అనిపించింది. అవును, సంతోషమే కలిగింది. చావుభయంతో సగం ఎండిపోయినవాడికి కూడా అంత సంతోషం ఎక్కడిదో అర్థం కాలేదు.

ఆమె వాణ్ణి అడిగింది. వాడు "అవును, నాదే" అన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. ఆ తర్వాత మెట్లమీద నవ్వులు ఆగిపోయాయి. క్లాసులో ఆమె బెంచీ మార్చుకుంది. రాజేందర్ గదికి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. నాకు అది కూడా కడుపుమంటే అయింది. నా పాపాన్ని కూడా వీడే మోసి గొప్పవాడైపోతున్నాడే అని! అంత దూరం వెళ్ళింది నా బుద్ధి.

ఆ వారమే తార్నాక వెళ్ళాను. బ్లడ్ బ్యాంకుకు పోవాలంటే రాజేందర్‌గా పోవాలి, అది నావల్ల కాదు. తార్నాకలో ఒక సందులో, చిన్న దవాఖానా పై అంతస్తులో, పేరు అడగకుండా పరీక్ష చేస్తారని ఒక కరపత్రంలో చదివాను. సందు మొదట్లో ఇరానీ హోటలుంది. తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమోనని అందులో రెండు చాయ్‌లు తాగి, మూడోది చెప్పి, సగంలో వదిలేసి లేచాను.

కింద హాలు మామూలు దవాఖానాయే. పసిపిల్లలకు టీకాలు, ముసలివాళ్లకు బీపీ. పైకి వెళ్ళే మెట్లు ఆ హాల్లోంచే. దగ్గుమందుకోసం వచ్చిన ఒక ముసలాయన నా పక్కన కూర్చుని, ఖళ్ళుఖళ్ళున దగ్గుతున్నాడు. ఆయన దగ్గుమీద కూడా నాకు అసూయే. పదిమందిలో నోరు తెరిచి చెప్పుకోగల జబ్బు.

పైన ఒక మేడమ్ ఉంది. నెరిసిన జుట్టు, నూలు చీర. నేను కూర్చోగానే, అలవాటు కొద్దీ, "నా పేరు రాజేందర్ మేడమ్" అన్నాను.

"పేరొద్దు బాబూ" అందామె. "ఇగో, ఈ చీటీ మీదున్న నంబరే నీ పేరు. నీకు తెల్వాలె, నాకు తెల్వాలె. అంతే."

ఆ చీటీని చాలాసేపు చూశాను. ఆ క్యాంపస్‌కి వచ్చాక వాడి పేరు లేకుండా నాకు దొరికిన మొదటి కాగితం అదేననిపించింది.

ఆమె తిట్టలేదు, సువార్త చెప్పలేదు. ఎప్పుడు, ఎలా అని నాలుగు ప్రశ్నలు అడిగింది. రెండేళ్లయింది కాబట్టి, ఇప్పుడు ఏది తేలితే అదే నిజమని చెప్పింది. నేను అక్క ఇంట్లో గ్లాసు సంగతి చెప్పాను.

"గిలాసతోని రాదు, కంచంతోని రాదు, పిల్లనెత్తుకుంటె రాదు. ముందుగాల పోయి ఆ పిల్లనెత్తుకో" అంది. తన ఫ్లాస్కులో చాయ్ మూతలో పోసి నాకిచ్చింది. నేను తాగాక, ఆ మూతలోనే తను పోసుకుని తాగింది. కావాలనే చేసిందని నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నిద్రపట్టింది.

ఫలితానికి పది రోజులు ఆగాలి. ఆ పది రోజులు ఎలా గడిచాయో రాయలేను. ఆదివారం లాలాపేట వెళ్ళి పిల్లనెత్తుకున్నాను, గ్లాసుతో నీళ్ళు తాగాను. అక్క ఏమీ అడక్కుండా ఇంకో గరిటె కూర వేసింది.

అక్టోబర్

"నీకు లేదు బాబూ" అంది మేడమ్. కాగితం నా వైపు తిప్పి నంబరు చూసుకోమంది. మూడుసార్లు చూసుకున్నాను. ఏడ్చాను. ఆమె కిటికీవైపు తిరిగి కూర్చుంది.

అక్కడినుంచి నేరుగా బ్లడ్ బ్యాంకుకు వెళ్ళి, ఇంకొకడి పేరు మీద రక్తమిచ్చానని ఒప్పుకున్నాను. అక్కడి డాక్టరు నన్ను కడిగేశాడు. కడగాల్సిందే. నా నమూనాకు మొదటి పరీక్షలో ఏదో అనుమానం వచ్చిందట, అలా ఒక్కోసారి ఉత్తపుణ్యానికే వస్తుందట. ఆ అనుమానం నిజమై, పిలిస్తే వేరేవాడు వచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాడు. చదివేవాళ్ళెవరికైనా నేను చెప్పేది అదే. హాజరు పలకండి, మీ ఖర్మ. రక్తం మాత్రం ఇంకొకడి పేరు మీద ఇవ్వకండి.

గదికొచ్చి రాజేందర్‌కి చెప్పాను. వాడు లేచి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత మంచమ్మీద కూర్చుని, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

"నీ రక్తం మంచిదే ఉంటదని తెలుసురా. అందుకే నిన్ను పంపిన."

"ఏంది?"

"నాకు సూదంటే భయం లేదు. నా రక్తమంటేనే భయం."

వాడు తలెత్తకుండా మాట్లాడాడు. నాకు కాచిగూడ ఉన్నట్టే వాడికీ ఒకటి ఉంది. అది వాడి సంగతి, ఇక్కడ రాయను. గదిలో చేరిన రోజునుంచీ భయమేనట. పరీక్షకు పోయే ధైర్యం లేదు, ఎవరికీ చెప్పే ధైర్యం లేదు. ఆ ఉత్తరం మీద తన పేరు చూసేసరికి, ఆ రక్తం తనది కాదన్న సంగతి కూడా ఒక నిమిషం మరిచిపోయాడట.

"సుజాతకెందుకు చెప్పినవ్ నాదే అని?"

"అబద్ధమైతె కాదు గద. దూరం జరిగితె ఆమెకే మంచిదనుకున్న." అప్పుడు తలెత్తాడు. "నిన్ను జూస్తె ఎంత కుళ్ళొచ్చేదో ఎర్కనా? ఎవ్వని బ్లేడైన తీసుకుంటవ్, గీసుకుంటవ్, పోతవ్. నేను నా రేజర్ ఏడ వెట్టిన్నో సూసుకుంటనే బతికిన, నువ్వేడ ముడ్తవో అని."

కిటికీలో వాడి రేజర్ ఉంది, గుడ్డలో చుట్టి. దాని చుట్టూ నేను పెంచుకున్నదంతా వాడికి చెప్పాలని ఉంది. ఆ రోజు చెప్పలేదు, చాలా రోజుల తర్వాత చెప్పాను.

"రేపు తార్నాక పోదాం" అన్నాను.

"నువ్వే పోరాదు, నా బదులు" అన్నాడు. నేను వాడివైపు చూశాను. వాడు కూడా తాను అన్నది విన్నాడు. ఇద్దరం నవ్వాం, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా.

మర్నాడు వెళ్ళాం. మేడమ్ వాడికీ ఒక చీటీ ఇచ్చింది.

వాడి ఫలితం కోసం ఆగిన పది రోజుల్లోనే సుజాతను కలిశాను. ఆ రక్తం నాదని, నాకేమీ లేదని తేలిందని, ముందే చెప్పాల్సినదాన్ని మింగానని చెప్పాను. రిపోర్టు మంచిగా వచ్చింది కాబట్టి చెప్పగలిగాను. రాకపోయి ఉంటే చెప్పేవాణ్ణో లేదో తెలియదు.

"గింత దొంగబుద్ధి ఏందయ్య నీకు!" అందామె. తర్వాత నిదానంగా అడిగింది. "మరి ఆయన నాదే అని ఎందుకన్నడు?"

మళ్ళీ ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే వాడు ఆమెకు పూర్తిగా దూరమయ్యేవాడు. ఏడాదిగా నేను కోరుకున్నది అదే.

"దోస్తు కదా, నన్ను కాపాడిండు" అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

ఫలితం రోజు ఇద్దరం ఆ పై అంతస్తు బెంచీమీద కూర్చున్నాం. లోపల వాడికేం చెప్పారో ఇక్కడ రాయను. వాడి నంబరు కూడా రాయను. ఒకసారి వాడి కాగితాన్ని బయటపడేశాను, మళ్ళీ ఆ పని చేయను. వాడికి పెళ్లయిందా, సుజాత ఎవరిని చేసుకుంది అని కూడా అడగకండి. తేలింది ఏదైనా వాడిదే. ఇప్పటికీ ఆదివారం లాలాపేటలో మా అక్క చేతి కూర ఇద్దరం తింటాం, అంతవరకు చెప్పగలను.

ఆ రోజు కింద హాల్లో పసిపిల్లలు టీకాలకు ఏడుస్తున్నారు. వాడి అరచేయి తడిగా ఉంది, చీటీ మెత్తబడిపోయింది. మేడమ్ తలుపు తీసి నంబరు పిలిచింది. తలుపు వైపు చూస్తున్న నా నోట్లోంచి, అలవాటు కొద్దీ, "ఎస్ మేడమ్" అని వచ్చేసింది. సగం లేచాను కూడా.

ఆమె ఇద్దరివైపు చూసింది. రాజేందర్ నా భుజంమీద చెయ్యి వేసి, నన్ను కూర్చోబెట్టాడు.

"ఇది నాదిరా" అని, తను లేచి లోపలికి వెళ్ళాడు.